సియెనాలోని చిన్న కుటుంబ హోటల్లో దిగడం ఎలా?

ఇటలీ యాత్రకు సిద్ధమవుతున్నవారు నన్ను అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే ఉంటాయి. పాస్‌పోర్టును హోటలు వాళ్ల చేతికి ఇవ్వవచ్చా? గదిలో అన్నం వండుకోనిస్తారా? స్నానాలగదిలో ఉన్న ఆ రెండో తొట్టి దేనికి? డబ్బు ముందే కట్టేశాక మళ్లీ పన్ను పేరుతో ఎందుకు అడుగుతున్నారు? లిఫ్టు లేకపోతే అమ్మానాన్నలను ఎలా తీసుకువెళ్లాలి? ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసే బదులు అన్నిటినీ వరుసగా ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణగా టస్కనీ ప్రాంతంలోని సియెనాను తీసుకున్నాను. కొండమీద, కోటగోడల లోపల ఉన్న ఈ ఊరి పాత భాగం 1995 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఓర్వియెతో, అస్సీసి, లుక్కా వంటి ఊళ్లలో దిగేవారికి కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఇలాంటి హోటల్లో గదులు పది పన్నెండుకు మించవు. పొద్దున కాఫీ పోసిన ఆవిడే మధ్యాహ్నం దుప్పట్లు మారుస్తుంది, సాయంత్రం బిల్లు రాస్తుంది. రాత్రి ఆవిడ కొడుకో అల్లుడో తలుపు తీస్తాడు. పెద్ద హోటల్లో ఏ వేళ ఏం కావాలన్నా ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి అప్పటికప్పుడు అడిగినా పని జరుగుతుంది. ఇక్కడ ముందుగా చెప్పి ఉంచిన పని మాత్రమే జరుగుతుంది. నేను విన్న ఇబ్బందుల్లో, నేను స్వయంగా పడినవాటిలో కూడా, ఎక్కువ భాగం ఒక్క సందేశం ముందే పంపి ఉంటే తప్పిపోయేవే.

కావలసినవి

పాస్‌పోర్టులు (పిల్లలవి సహా), షెంగెన్ వీసా (ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు ఒక్కటే చెల్లే వీసా), కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా కాగితం, బుకింగ్ ప్రతి (ఒకటి ఫోనులో, ఒకటి కాగితం మీద) వెంట ఉండాలి. విదేశీ లావాదేవీలు అనుమతించేలా బ్యాంకు యాప్‌లో మీరే మార్చుకున్న కార్డు ఒకటి, చిల్లర పన్నుల కోసం కొంత యూరో నగదు తీసుకోండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి గోడల్లో దిగదు కాబట్టి ఒక అడాప్టరు కావాలి. సన్నని రెండు పిన్నుల ఫోను ఛార్జర్లు మాత్రం సాధారణంగా నేరుగా పడతాయి. మడతపెట్టే ప్లాస్టిక్ మగ్గు ఒకటి సంచిలో వేసుకోండి. ఎందుకో ఆరో అంచెలో చెబుతాను. మనిషికి ఒక్క చిన్న పెట్టె చాలు. ఈ చివరి మాట ఎవరూ వినరని తెలిసీ రాస్తున్నాను.

1. తేదీలు ఖాయం చేసుకోండి

సియెనాలో ఏటా జులై 2న, ఆగస్టు 16న పాలియో అనే గుర్రప్పందెం జరుగుతుంది. ఊరిలోని 17 పేటల్లో (వాటిని కొంత్రాదలు అంటారు) పది పేటల గుర్రాలు పియాజ్జా దెల్ కాంపో అనే కూడలి చుట్టూ మూడు సార్లు తిరుగుతాయి. పందెం ముగియడానికి ఒకటిన్నర నిమిషం పడుతుంది. ఆ ఒకటిన్నర నిమిషం కోసం గదుల అద్దెలు చుక్కలంటుతాయి, కనీసం ఇన్ని రాత్రులు ఉండాలన్న షరతులు వస్తాయి, డప్పులు, పాటలు, వీధి విందులు అర్ధరాత్రి దాటినా సాగుతాయి. సందడి పందెం రోజుతో మొదలుకాదు; జులై పందానికి జూన్ 29 నుంచి, ఆగస్టు పందానికి 13వ తేదీ నుంచి గుర్రాల పంపకం, నమూనా పందాలు ఉంటాయి. చూడాలనుకుంటే నెలల ముందే గది పట్టుకోండి. నిద్ర, నెమ్మది కావాలనుకుంటే ఆ రెండు వారాలను వదిలేయండి. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను చెప్పేది ఏప్రిల్ చివర, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు. జులై, ఆగస్టు ఎండ మన ఎండను గుర్తుచేస్తుంది, అయితే అన్ని పాత భవనాల్లోనూ ఏసీ ఉండదు.

కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. ఫ్లోరెన్స్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారే ఎక్కువ కాబట్టి, ఆ చివరి బస్సులు వెళ్లిపోయాక కాంపో కూడలి ఇటుకల వాలు మీద కూర్చునే గంటే ఇక్కడ రాత్రి గడిపినందుకు దక్కే ఫలం.

2. హోటలును ఎంచుకోండి

పేర్లను బట్టి కొంత తెలుస్తుంది. అల్బెర్గో అంటే హోటలు. పెన్సియోనె, లొకాందా అనేవి చిన్న వసతులకు పాతకాలం నుంచి ఉన్న పేర్లు. అఫిత్తాకామెరె అంటే గదులు అద్దెకిచ్చే ఇల్లు; అక్కడ రిసెప్షన్ బల్ల ఉండకపోవచ్చు, తాళంచెవి కోసం ఫోను చేయవలసి రావచ్చు. నక్షత్రాలు సదుపాయాల లెక్కనే చెబుతాయి, ఆతిథ్యాన్ని కొలవవు; రెండు నక్షత్రాల హోటళ్లలో తళతళలాడే శుభ్రత నేను చూశాను.

ప్రకటన చదివేటప్పుడు ఈ నాలుగింటినీ సరిచూసుకోండి. మొదటిది, స్నానాలగది గదిలోపలే ఉందా, నడవాలో ఉమ్మడిగా ఉందా. రెండోది, లిఫ్టు. ‘పియానో తెర్రా’ అంటే మన గ్రౌండ్ ఫ్లోర్, ‘ప్రీమో పియానో’ అంటే మన మొదటి అంతస్తు. లెక్క మనదే అయినా పాత భవనాల కప్పులు చాలా ఎత్తుగా ఉంటాయి కాబట్టి అక్కడి రెండో అంతస్తు మోకాళ్లకు మన మూడో అంతస్తులా తోస్తుంది. మూడోది, హోటలు ఊరిలో ఏ వైపున ఉంది. సియెనా మూడు కొండచరియల మీద మూడు కొమ్మలుగా పరుచుకుంది, ఆ కొమ్మలను తెర్జోలు అంటారు. బస్సు దిగేచోటికి దగ్గరగా ఉండే కమోల్లియా తెర్జోలో ప్రధాన వీధి పొడవునా నడక తేలిక. చిత్తా తెర్జోలో కెథడ్రల్ (ఊరి ప్రధాన చర్చి) దగ్గరగా ఉంటుంది, ఎక్కుడు ఎక్కువ. సాన్ మార్తీనో తెర్జో రోమన్ ద్వారం వైపు దిగుతుంది, కొంత నెమ్మదిగా ఉంటుంది. నాలుగోది, సీఐఎన్ అనే జాతీయ గుర్తింపు సంఖ్య. ఇటలీలో పర్యాటకులకు గదులిచ్చే ప్రతి వసతీ ‘ఐటీ’ అనే అక్షరాలతో మొదలయ్యే ఈ సంఖ్యను ప్రకటనలోనూ భవనం బయటా చూపాలి. అది కనిపించని చోట అడ్వాన్సు కట్టకండి.

సాధారణంగా జరిగే పొరపాటు: మ్యాపులో ‘కాంపోకు 300 మీటర్లు’ అని చూసి దగ్గరే కదా అనుకోవడం. ఆ 300 మీటర్లు మెట్ల సందు కావచ్చు. వీధి చిత్రాలు చూపే యాప్‌లో బస్సు స్టాపు నుంచి హోటలు తలుపు దాకా ఒకసారి వేలితో నడిచి చూడండి.

3. పేరు సరిగ్గా రాసి బుక్ చేయండి

మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇది. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, చాలాసార్లు ఒక్క పొడి అక్షరానికి కుదించేస్తాం. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. ఇటలీలో ‘కొన్యోమె’ అంటే ఇంటిపేరు, ‘నోమె’ అంటే పెట్టిన పేరు, హోటలు పుస్తకంలో పేర్లు వెతికేది కొన్యోమెను బట్టి. వారు ‘రావు’ కింద వెతుకుతుంటే మీ బుకింగ్ ‘వెంకట’ కింద ఉంటుంది. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో బుకింగులోనూ ఆ గడిలో అదే రాయండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు ఆ సంగతిని సందేశంలో ముందే తెలపండి. వీసా దరఖాస్తులో కూడా ఈ పేర్లే కలవాలి.

వీసా కోసం ఒక బుకింగ్ చూపించి, వీసా రాగానే రద్దు చేసి, మరోచోట దిగేవారు ఉన్నారు. రద్దు చేసుకునే వీలున్న గదిని తీసుకోవడంలో తప్పు లేదు గాని, పదిగదుల కుటుంబానికి చివరి నిమిషంలో ఒక గది ఖాళీ పడటం అంటే ఆ రోజు ఆదాయంలో పదోవంతు పోవడం. మారదలచుకుంటే వెంటనే చెప్పి మారండి, సరిహద్దు దగ్గర చూపే కాగితాలను కూడా కొత్తవిగా మార్చుకోండి.

4. ప్రయాణానికి వారం ముందు సందేశం పంపండి

ఇటాలియన్ రాకపోయినా ఫరవాలేదు, యంత్రానువాదం చాలు. అయితే పొడవైన మర్యాద వాక్యాలను యంత్రం చిందరవందర చేస్తుంది కాబట్టి ఒక్కొక్క సంగతికి ఒక్కొక్క పొట్టి వాక్యం రాయండి. నేను పంపే నమూనా ఇది:

‘నమస్కారం. మే 12 నుంచి రెండు రాత్రులకు మా గది బుక్ అయింది. మేము నలుగురం. మా అమ్మగారి వయసు 71 ఏళ్లు. ఆమెకు మెట్లు ఎక్కడం కష్టం. కింది అంతస్తులో గది ఉంటే ఇవ్వండి. మేము సాయంత్రం 6 గంటలకు వస్తాము. మేము మాంసం, చేప, గుడ్లు తినము. మా కారు లేదు. ధన్యవాదాలు.’

చేరే వేళను తప్పక రాయండి. మధ్యాహ్నం కొన్ని గంటలు, రాత్రి పొద్దుపోయాక బల్ల దగ్గర ఎవరూ ఉండకపోవచ్చు. రాత్రి ఆలస్యమయ్యేలా ఉంటే తలుపు కోడ్ పంపుతారు లేదా ఎవరైనా మేలుకొని ఉంటారు. జవాబు వచ్చిందా అన్నదే ఇక్కడి పరీక్ష: రెండు రోజుల్లో రాకపోతే బుకింగ్ సైటు ద్వారా కాకుండా నేరుగా ఫోను చేయండి.

5. ఊరు చేరుకోండి

ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు బస్సు మేలు. 131 నంబరు రాపిడా (వేగంగా వెళ్లే) బస్సు సుమారు గంటంబావులో మిమ్మల్ని పాత ఊరి అంచున, పియాజ్జా గ్రాంషీ దగ్గర దింపుతుంది. అక్కడినుంచి కాంపోకు పది నిమిషాల నడక. రైలుకు గంటన్నర పడుతుంది, కొన్ని రైళ్లకు ఎంపోలీలో మారాలి, పైగా స్టేషను కొండ కింద ఉంటుంది. స్టేషనుకు ఎదురుగా ఉన్న షాపింగ్ సెంటర్ లోపలినుంచి వరుస ఎస్కలేటర్లు కమోల్లియా ద్వారం దాపుకు తీసుకుపోతాయి. అక్కడినుంచి కూడా ఊరి నడిబొడ్డుకు ఇరవై నిమిషాలు నడవాలి. పెద్దవాళ్లు ఉంటే స్టేషను నుంచి సిటీ బస్సో టాక్సీయో తీసుకోండి. ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్టు కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర కొట్టించాలి. మరిచిపోతే టికెట్టు ఉన్నా జరిమానా పడుతుంది.

కారు అద్దెకు తీసుకునేవారికి గట్టి హెచ్చరిక: పాత ఊరంతా జడ్‌టీఎల్, అంటే అనుమతి లేని వాహనాలకు నిషేధం ఉన్న ప్రాంతం. ద్వారాల దగ్గర కెమెరాలు ఉంటాయి, ఎవరూ ఆపరు. నెలల తరువాత జరిమానా, దానితోపాటు అద్దె సంస్థ రుసుము మీ ఇంటికే వచ్చి చేరతాయి. హోటలు వారు మీ కారు నంబరును ముందుగా నమోదు చేయించగలిగితేనే, వారు చెప్పిన దారిలో, చెప్పిన వేళకు లోపలికి వెళ్లండి. లేదంటే కారును సాంతా కతెరీనా పార్కింగులో వదలండి. అక్కడినుంచి ఎస్కలేటర్లు మిమ్మల్ని పైకి, కెథడ్రల్ వైపుకు చేరుస్తాయి. మన లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు కూడా ఉండాలి.

వీధులు పలకరాళ్లవి. 23 కిలోల పెట్టె చక్రాలు ఆ రాళ్లమీద చేసే చప్పుడుకు కిటికీలు తెరుచుకుంటాయి. ఫ్లోరెన్స్‌కు తిరిగి వెళ్లేవారైతే పెద్ద పెట్టెలను అక్కడి సాంతా మరియా నొవెల్లా స్టేషను సామాను గదిలో వదిలి, రెండు రోజుల బట్టలతో రండి.

6. తలుపు తోసి లోపలికి వెళ్లాక

ముందు పలకరింపు, తరువాత పని. ‘బ్వోన్‌జోర్నో’ (సాయంత్రమైతే ‘బ్వోనాసెరా’) అని, యజమానురాలిని ‘సిన్యోరా’ అని సంబోధించండి. మన ‘అండీ’ చేసే పనే అది చేస్తుంది. ఏమీ అనకుండా నేరుగా ఫోను చాచి బుకింగ్ చూపడం అక్కడ మొరటుతనం.

వారి మాటలు వినే విషయంలో ఒక చిట్కా. ఇటాలియన్ మాటలు మన మాటల్లాగే అచ్చులతో ముగుస్తాయి, ఒత్తు పలికితే ఒక అర్థం, పలకకపోతే మరో అర్థం: ‘కాసా’ ఇల్లు, ‘కాస్సా’ డబ్బు కట్టే గల్లా. మనకు ఒత్తులు కొత్త కాదు గనుక ఇది తేలికే. కాని టస్కనీవారు అచ్చుల మధ్య ‘క’ను ‘హ’గా పలుకుతారు. యజమానురాలు ‘లా హామెరా’ అంటే ‘లా కామెరా’, అంటే గది. ‘లా హ్యావె’ అంటే తాళంచెవి. పుస్తకంలో నేర్చుకున్న మాట చెవికి తగలలేదని కంగారుపడకండి.

పాస్‌పోర్టులు అడుగుతారు, ఇవ్వండి. దిగిన ప్రతి ఒక్కరి వివరాలను, పసిపిల్లలవి సహా, 24 గంటల్లోగా పోలీసుశాఖ వ్యవస్థలో నమోదు చేయడం వారికి చట్టబద్ధమైన బాధ్యత. రాసుకోవడానికి కాసేపు తీసుకుంటారు. ‘సాయంత్రం ఇస్తాం’ అంటే, బయటికి వెళ్లేముందు కావాలని మర్యాదగా చెప్పవచ్చు. ఈ నమోదు మీకూ అవసరమే. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో మరో షెంగెన్ దేశం మీదుగానో ఇటలీ చేరినవారు తాము దేశంలో ఉన్నట్లు ఎనిమిది రోజుల్లో పోలీసులకు తెలియజేయాలి. హోటల్లో దిగినవారికి హోటలు చేసే నమోదే ఆ పని చేస్తుంది. దాని ప్రతి ఒకటి అడిగి దాచుకోండి. ఇదే కారణంగా, నమోదు కాని బంధువును ‘ఒక్క రాత్రికే కదా’ అని గదిలో పడుకోబెట్టకూడదు. అది హోటలుకు జరిమానా తెచ్చిపెట్టే పని.

తరువాత ‘తస్సా ది సొజోర్నో’, అంటే బస పన్ను. ఇది నగరపాలక సంస్థది, హోటలుది కాదు. మనిషికి, రాత్రికి ఇంత అని ఉంటుంది, వసతి స్థాయిని బట్టి మారుతుంది, బుకింగ్ సైటులో కట్టిన మొత్తంలో చాలాసార్లు కలిసి ఉండదు. పిల్లలకు మినహాయింపు ఉందేమో అడగండి. చాలాచోట్ల నగదే కోరతారు. మోసపోయామని గొడవపడే ముందు రసీదులో ఆ పన్ను విడిగా రాసి ఉందా అని చూడండి. ఉంటే అంతా సవ్యమే.

గదిలోకి వెళ్లిన మొదటి పది నిమిషాల్లో వేడినీళ్లు, ఏసీ లేదా హీటరు, కిటికీ చెక్కతలుపులు, తాళం సరిచూసుకోండి. లోపం ఉంటే అప్పుడే చెబితే గది మార్చగలరు. రాత్రి పదకొండింటికి చెబితే మార్చడానికి మరో గది ఉండదు, చెప్పడానికి మనిషీ ఉండకపోవచ్చు. ‘మత్రిమొనియాలె’ అంటే ఒకే పెద్ద మంచం. విడి మంచాలు కావాలంటే ముందే రాసి ఉండాలి.

ఇక స్నానాలగది. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే మనవాళ్ల తగవులన్నీ ఇక్కడే పుడతాయి.

కమోడు పక్కన కనిపించే పొట్టి తొట్టి బిడే. కాళ్లు కడుక్కోవడానికి, బట్టలు ఉతకడానికి కాదు. కమోడు వాడాక దానిమీదికి మారి, కుళాయి వైపు ముఖం పెట్టి కూర్చుని, నీళ్లూ సబ్బుతో కడుక్కోవడానికి. 1975లో వచ్చిన ప్రభుత్వ నిబంధన ప్రకారం ఇటలీలో ప్రతి ఇంటిలోనూ కనీసం ఒక స్నానాలగదిలో ఇది ఉండాలి. కాగితంతో సరిపెట్టుకునే దేశాలు తిరిగి వచ్చిన మనవాళ్లకు ఇది వరం. అలవాటు పడనివారికి సంచిలో వేసుకున్న మగ్గు ఉంది: బిడే కుళాయి దగ్గర నింపుకుని కమోడు మీదే వాడుకోవచ్చు. బిడే పక్కన వేలాడే చిన్న తువ్వాలు ఆ పనికే. దానితో ముఖం తుడుచుకోవద్దు.

షవరు గూటికి బయట నేలకు నీళ్లు పోయే దారి ఉండదు. మగ్గుతో గుమ్మరించుకుంటూ మన పద్ధతిలో స్నానం చేస్తే నీళ్లు తలుపు కిందినుంచి గదిలోకి, పాత చెక్కదూలాల సందుల్లోంచి కింది గదిలోకి దిగుతాయి. షవరు తెర లోపలే, దాని అంచు తొట్టి లోపలికి ఉండేలా లాగి స్నానం చేయండి. ముగించాక నేల పొడిగా ఉందా చూడండి. తడిస్తే కాళ్ల కింద వేసే మందపు తువ్వాలుతో తుడవండి.

షవరు పక్కన పైనుంచి వేలాడే తాడు బట్టలు ఆరేసుకునేది కాదు, దీపపు స్విచ్చూ కాదు. అది స్నానం చేస్తూ పడిపోయినవారు సాయం కోసం లాగే గంట. మొదటిసారి నేను దానికి తడి తువ్వాలు తగిలించాను. రెండు నిమిషాల్లో యజమానురాలు గరిట చేతిలో ఉండగానే రెండంతస్తులు ఎక్కి, రొప్పుతూ తలుపు కొట్టింది. నేను తువ్వాలు చూపించాను, ఆవిడ తాడు చూపించింది. ఆ తరువాత రెండు రోజులూ నన్ను చూసినప్పుడల్లా పైకి లాగుతున్నట్లు చెయ్యి ఆడించేది.

తలకు కొబ్బరినూనె రాసుకునేవారు దిండుమీద సొంత తువ్వాలు పరుచుకోండి. పసుపు, కుంకుమ మరకలు తెల్ల తువ్వాళ్లను వదలవు. ఆ తువ్వాళ్లు ఉతికేది కూడా ఆవిడే.

7. తిండి సంగతి

హోటల్లో ఇచ్చేది ఉదయపు ఫలహారం మాత్రమే, అదీ తీపి: కొర్నెత్తో అనే మెత్తని రొట్టె, బ్రెడ్డు, జామ్, పెరుగు, పండ్లు, కాఫీ. ఆ బ్రెడ్డు తిని ‘ఉప్పు వేయడం మరిచిపోయారు’ అనుకోవద్దు. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయకపోవడమే సంప్రదాయం. మన ఆవకాయకు అంతకన్నా మంచి తోడు లేదని నా అభిప్రాయం. బల్ల మీదివి అక్కడ తినడానికే. మధ్యాహ్నానికని సంచిలో సర్దుకోకండి.

గదిలో వంట నిషిద్ధం. రైస్ కుక్కరు, విద్యుత్తు పొయ్యి పెడితే పాత భవనంలో ఫ్యూజు ఎగిరి మొత్తం అంతస్తు చీకటవుతుంది, పోపు పొగకు అలారం మోగుతుంది. అన్నం లేనిదే గడవనివారు ఇలాంటి హోటలు కాకుండా వంటగది ఉన్న అపార్టుమెంటు తీసుకోండి. బలవంతాన ఇక్కడ ఇమడటం కంటే అదే మేలు. వేడినీళ్లు మాత్రం అడిగితే ఇస్తారు కాబట్టి నీళ్లు పోసి తినే ఉప్మా, పులిహోర పొట్లాలు పనికివస్తాయి. పచ్చడి సీసాను మంచం మీద తెరవకండి; ఒక పళ్లెం అడిగి బల్ల దగ్గర తినండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మన దేశం నుంచి ఐరోపా కూటమిలోకి తీసుకురాకూడదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

బయట తినేటప్పుడు శాకాహారులకు ‘సెన్‌త్సా కార్నె’ (మాంసం లేకుండా) అన్న మాట ఒక్కటే చాలదు. చాలామంది దృష్టిలో చేప మాంసం కాదు, మాంసపు ఎముకల పులుసు కూరగాయల సూపులో లెక్కలోకి రాదు. ‘సెన్‌త్సా పేషె, సెన్‌త్సా బ్రోదో ది కార్నె’ అని కూడా చెప్పాలి. గుడ్డు తిననివారు ‘సెన్‌త్సా ఉవోవా’ కలపాలి. సియెనాలో మనకు అదృష్టవశాత్తు పీచి ఉంది: పిండి, నీళ్లు కలిపి చేత్తో తాళ్లలా పేనే లావుపాటి పాస్తా, సంప్రదాయ పద్ధతిలో గుడ్డు ఉండదు. వెల్లుల్లి, టమాటాతో చేసే ‘అల్లాల్యోనె’ రకం అడగండి. ‘రాగూ’ అని ఉంటే మాంసం. జున్ను విషయంలో పట్టింపు ఉన్నవారికి ఒక సంగతి: పార్మిజానో తయారీలో దూడ కడుపునుంచి తీసే పదార్థం వాడతారు. తీపిలో పాన్‌ఫోర్తె తినండి; బాదం, తేనె, చక్కెర పాకంలో ఊరిన పండ్లతోపాటు మన దినుసులపెట్టె వాసనలన్నీ అందులో ఉంటాయి. రిచ్చారెల్లీ అనే బాదం బిస్కెట్లలో గుడ్డు తెల్లసొన ఉంటుంది.

మధ్యాహ్నం మూడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా చాలా వంటశాలలు మూసే ఉంటాయి. పిల్లలు ఉంటే ఆ వేళకు తినుబండారాలు దగ్గర పెట్టుకోండి. బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికి ఇంత చొప్పున కనిపించేది బల్ల రుసుము, పొరపాటు కాదు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు, ‘నోన్ పొతాబిలె’ అని రాసి ఉన్నచోట తప్ప.

8. రాత్రి, పగలు, రాకపోకలు

బయటికి వెళ్లేటప్పుడు తాళంచెవిని బల్ల దగ్గర వదలడం చాలాచోట్ల ఆనవాయితీ. చెవికి తగిలించిన ఇత్తడి దిమ్మె అంత బరువుగా ఉండేది అందుకే. రాత్రి వీధితలుపు మూస్తారా, మూస్తే ఏ తాళం, ఏ కోడ్ అని మొదటి సాయంత్రమే అడిగి, ఒకసారి తెరిచి చూడండి. కోడ్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి వర్షంలో రాత్రి పన్నెండు దాటిన వేళ తగినది కాదు. ఇండియాకు వీడియో కాల్ చేసేవారు కిటికీ మూసి మాట్లాడండి. రాతిసందుల్లో మాట ఎదురింటి దాకా వెళుతుంది. అత్యవసరమైతే పోలీసుకైనా అంబులెన్సుకైనా 112.

9. ఖాళీ చేసేటప్పుడు

ముందురోజు సాయంత్రమే బిల్లు అడగండి. పొద్దున ఆవిడ కాఫీ యంత్రం దగ్గర తీరికలేకుండా ఉంటుంది. బిల్లులో గది, పన్ను విడివిడిగా ఉన్నాయా, ముందు కట్టిన అడ్వాన్సు తీసివేశారా అన్నవి చూసుకోండి. కార్డు యంత్రం ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే ఎంచుకోండి. రూపాయలు నొక్కితే మారకపు రేటు మీకు నష్టంగా పడుతుంది. చిన్న హోటళ్లు అడ్వాన్సును ఒకసారి, మిగతాను ఒకసారి తీసుకుంటాయి కాబట్టి ఇంటికి వచ్చాక కార్డు లెక్కలో ఒకే మొత్తం రెండుసార్లు పడలేదని నిర్ధారించుకోండి. పడితే రసీదు బొమ్మ జతచేసి రాయండి.

బస్సు సాయంత్రం ఉంటే పెట్టెలను హోటల్లోనే ఉంచమని అడగవచ్చు, సాధారణంగా డబ్బు తీసుకోరు. ఎన్ని గంటలకు తీసుకుంటారో మాత్రం చెప్పి వెళ్లండి, ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర ఎవరూ లేకపోవచ్చు. పియాజ్జా గ్రాంషీ దగ్గర బస్సు ఎక్కేముందు కోటు జేబులు ఒకసారి తడుముకోండి. ఇత్తడి దిమ్మె తగిలితే, తరువాతి బస్సు పట్టుకోవచ్చు. ఆ గదికి రెండో తాళంచెవి ఉండకపోవచ్చు.